కాలవలో పోయిన సత్తువ

గుమ్మళ్ళ వాళ్ళింటి సత్తువంతా మురికికాలవలో కొట్టుకుపోయింది. ఏళ్ళ తరబడి పోతూనే ఉంది. ఇంట్లో నలుగురున్నారు, నలుగురికీ కళ్ళున్నాయి, ఒక్కరూ చూసుకోలేదు.

అలాగని వాళ్ళు తెలివితక్కువ వాళ్ళేం కాదు. కావాలంటే వాళ్ళనే అడగండి. ముఖ్యంగా కోడలు వీరమణిని అడగండి. పొయ్యి పొగకి కళ్ళు మండుతున్నాయని అన్నం కుండని పొయ్యిమీదే వదిలేసి వీధరుగు మీద కూర్చుని, అన్నం బొగ్గయ్యాక, "చూశావా అత్తా, నా కళ్ళు దక్కాయి!" అన్న మనిషి. అత్త చెల్లాయమ్మ మురిసిపోయింది. "ఇంత బుర్ర ఎక్కణ్ణించి తెచ్చుకున్నావే తల్లీ!" మరిది పోతురాజు పడవలకి రంగులేస్తాడు, వదిన మాటంటే తలాడిస్తాడు. మొగుడు నూకరాజు కొబ్బరిచెట్లెక్కి కాయల దింపు తీస్తాడు. అతను చెట్టెక్కితేనే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

అలాంటి నూకరాజుకి ఓరోజు చెట్టుమీద కళ్ళు తిరిగాయి. మట్ట పట్టుకుని వేలాడి, ఎలాగో కిందికి జారాడు. తోట ఆసామి గుండెలు బాదుకున్నాడు.

"ఒరే, నువ్వు నా తోటలో పడి చస్తే నేనేం కావాలిరా? వచ్చే దింపుకి గట్టుమీది పొడుగు చెట్టు నా కళ్ళముందు ఎక్కి చూపించు. లేదంటే వేరేవాణ్ణి చూసుకుంటాను."

వీరమణి మొగుణ్ణి నర్సమ్మ ఎస్తేరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడ కనురెప్ప లాగి చూసి, "రక్తం లేదమ్మా ఇతనికి. పచ్చడి మెతుకులు తిని చెట్లెక్కితే ఎలా? కంచంలో ఎరుపూ, పచ్చా, పసుపూ, నాలుగు రంగులు కనపడాలి. అప్పుడే బలం," అంది.

"నాలుగే కదండీ? మా మరిది దగ్గర ఆరున్నాయి," అంది వీరమణి.

అంతే. ఇంటికి రాగానే పోతురాజు నూకరాజు కంచానికి పడవ రంగులు దట్టంగా పూశాడు. అందులో అన్నం, మామిడికాయ పచ్చడి వడ్డించారు. నూకరాజు ఎడమచేత్తో కంచం పట్టుకుని ముద్ద కలిపాడు. అన్నం ఎర్రబడింది.

"రక్తమొచ్చేసిందిరోయ్!" అని అరిచింది చెల్లాయమ్మ.

రక్తం రాలేదు సరికదా, చెయ్యి కూడా రాలేదు. రంగు ఆరి ఎడమచెయ్యి కంచానికి అతుక్కుపోయింది. ఇంకేముంది, కంచంతోనే నర్సమ్మ దగ్గరికి పరుగు. ఆవిడ కిరసనాయిలు పోసి ఊడదీసి, తల పట్టుకుంది.

"రంగులంటే కూరలమ్మా! క్యారట్టు, గుమ్మడికాయ, తోటకూర! మీ వాకిట్లో మునగచెట్టుంది, ఆ ఆకు ఎంత మంచిదో తెలుసా? రక్తం పడుతుంది. నిలవపెట్టకుండా, కోసిన వెంటనే వండి తినండి."

వీరమణి దారంతా ఆలోచించింది. చెట్టుమీద కోసి, కిందికి దిగి, వంటింట్లోకి నడిచేసరికి ఆలస్యమైపోదూ? ఇక వెంటనే ఏముంటుంది?

"ఏవయ్యా, పొయ్యినే చెట్టెక్కిద్దాం," అంది.

"అదీ బుర్రంటే!" అన్నాడు నూకరాజు.

కుంపటి, పప్పుగిన్నె, కంచం, నూకరాజు, ఈ నలుగురూ మునగచెట్టెక్కారు. వీరమణి నిచ్చెనమీద నిలబడి గరిటె తిప్పుతోంది. పోతురాజు కింద గొడుగు పట్టుకున్నాడు, పప్పు ఒలికితే నేలపాలు కాకూడదని. మునగకొమ్మకి అంత ఓపిక ఎక్కడిది? పెళపెళమంది. నూకరాజు గొడుగులో పడ్డాడు. కుంపటి కోళ్ళగూటి మీద పడింది. వేడి పప్పు పోతురాజు నెత్తిన పడింది.

"వదినా, ఉప్పు తక్కువైంది," అన్నాడు పోతురాజు, నాలుకతో మూతి తుడుచుకుంటూ.

ఈసారి నర్సమ్మే ఇంటికొచ్చింది, నూకరాజు నడుముకి కట్టు కట్టడానికి. వెళ్ళబోతూ వంటింటి దగ్గర ఆగి ఆవిడ కళ్ళప్పగించి చూసింది. తోటకూర సన్నగా తరిగి, తొట్టిలో ముంచి, ఆకుపచ్చని నీళ్ళు కాలవలోకి వంపుతోంది వీరమణి.

"అయ్యో, తరిగాక కడుగుతావేంటమ్మా? సత్తువంతా నీళ్ళతోపాటు పోతుంది! ముందు కడుగు, తరవాత తరుగు. పైన కాస్త నిమ్మకాయ పిండు. అంతే, ఇంకేమీ చెయ్యకు. దణ్ణం పెడతాను, ఇంకేమీ చెయ్యకు!"

నర్సమ్మ వెళ్ళిపోయింది. వీరమణి మాత్రం కత్తిపీట పక్కకి నెట్టి లేచింది. కాపురానికొచ్చిన నాటినించీ తరిగాకే కడుగుతోంది! ఆ సత్తువంతా ఎటు పోయింది? కాలవ వెంట నడిచింది. కాలవ దడి కిందనించి పక్కింటి కొండమ్మ పెరట్లోకి వెళ్ళింది. అక్కడ అరటిచెట్లు ఏనుగు కాళ్ళలా ఉన్నాయి. వాటి పక్కన కొండమ్మ, ఆ చెట్లకి తీసిపోకుండా, ఒంటిచేత్తో రోలు ఎత్తి అవతల పెడుతోంది.

"అత్తా! మీ అబ్బాయి బలం కొండమ్మ తినేసింది!" అని కేకపెట్టింది వీరమణి.

ఇంకేముంది! పోతురాజు బకెట్టు తెచ్చి కాలవలోని బురదంతా తోడి వంటింట్లో పోశాడు. "పోయిన సత్తువ ఇంటికొచ్చేసిందర్రా!" అంటూ ఎదురొచ్చిన చెల్లాయమ్మ అందులో కాలేసి, వంటింట్లోంచి వీధి గుమ్మందాకా కూర్చునే వెళ్ళింది.

"అత్తకి అప్పుడే ఎంత వేగం వచ్చిందో!" అంది వీరమణి. కానీ ఆ బురద చూసి నూకరాజు ముక్కు మూసుకున్నాడు, తిననంటే తిననన్నాడు. దింపు దగ్గరకొచ్చేస్తోంది. వీరమణికి ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుని దడి దగ్గరికెళ్ళింది.

"కొండమ్మొదినా, మా ఆయన సత్తువ మాకిచ్చెయ్యి. చెట్టెక్కకపోతే మేం ఆకలితో చస్తాం."

కొండమ్మ మొదట నవ్వబోయింది. వీరమణి ముఖం చూసి ఆగింది.

"నిజమేనే, నా దగ్గరే ఉంది. కాలవలో ఏముంటుంది పిచ్చిదానా, చెట్లు ఎప్పుడో తాగేశాయి. ఇదిగో అరటిగెల. ఈ మడిలో తోటకూర ఉంది, రోజూ వచ్చి కోసుకెళ్ళు. కడిగి, తరిగి, పప్పులో వేసి, నిమ్మకాయ పిండి పెట్టు. సాయంత్రం రాగిజావ, కాసిని వేరుశనగలు, బెల్లంముక్క. మీ సత్తువ మీకు చేరిపోతుంది."

"వడ్డీ కూడా వస్తుందా?"

"ములక్కాడలు కూడా పట్టుకుపో. పద."

నూకరాజు తిన్నాడు. రోజూ తిన్నాడు. బుగ్గలమీద పాలిపోయిన రంగు పోయింది. దింపు రోజున ఆసామి చూస్తుండగా పొడుగు చెట్టు గబగబా ఎక్కి, గెలలు నరికి, జర్రున జారి దిగాడు.

"ఒరే, గట్టివాడివే! పనికి నువ్వే రా!" అన్నాడు ఆసామి.

వీరమణి గర్వంగా మొగుణ్ణి ఇంటికి తీసుకొచ్చి, వేడినీళ్ళు తోడింది. చెంబు ఎత్తి పొయ్యబోయింది. అప్పుడు కనబడింది. చెట్టు జారినప్పుడు గీరుకుని అతని మోకాలి కింద చర్మం తెగింది.

చెంబు గాల్లోనే ఆగిపోయింది. కోసిందాన్ని కడిగితే ఏమవుతుంది? నర్సమ్మ చెప్పనే చెప్పింది!

"లే! నీళ్ళ దగ్గర్నించి లే!" అని మొగుణ్ణి ఇవతలికి లాగేసింది. "ఇంత కష్టపడి ఎక్కించిన బలం, మళ్ళీ కొండమ్మ చెట్లకా?"

ఆ క్షణాన నిర్ణయించుకుంది. నూకరాజు ఒంటిమీద గాటనేది ఉన్నన్నాళ్ళూ చుక్క నీళ్ళు పడనివ్వదు. దింపు తీసేవాడి ఒంటిమీద గాటు లేని రోజు ఎప్పుడుంటుంది?

నర్సమ్మ ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని ఎంత చెప్పినా వీరమణి మాట తప్పలేదు. వాన పడితే గొడుగు పుచ్చుకుని తోటకి పరిగెడుతుంది. ఆసామి కూలి డబ్బులు గెడకర్ర చివర కట్టి అందిస్తాడు. నూకరాజు చెట్టెక్కితే మాత్రం, ఇదివరకు చుట్టుముట్టే కందిరీగల్లో ఒక్కటి కూడా దగ్గరికి రావడం లేదు.

"చూశావా అత్తా," అంటుంది వీరమణి, "బలమున్నవాడంటే కందిరీగలకి కూడా భయమే!"