వరహాలమ్మ ఆవిరి లెక్క

ఎవరేం అడిగినా కూర్మయ్య స్వామి నోటితో బదులు చెప్పేవారు కాదు. లేచి నడిచేవారు. అడిగినవాళ్ళు వెంట వెళ్ళాల్సిందే.

ఆయన మఠంలో యాత్రికులందరికీ అన్నం ఆవిరి మీదే ఉడికేది. ఆ బాయిలరుకు సరుగుడు కట్టె వేసి మంట చూసుకునేది శిష్యురాలు వరహాలమ్మ. ఆమె మంట పొగ చిమ్మదని పేరు. అలాంటిది, గ్యాసుతో వండితే చవకనీ, వచ్చే నెల బాయిలరు తీసేస్తామనీ ధర్మకర్త అప్పన్న అన్నారు. వరహాలమ్మ కట్టె తూయించింది. బాయిలరు తాగిన నీళ్ళు కొలిచింది. కట్టె ఖరీదును ఆ నీళ్ళకి పంచి, బిందెడు నీళ్ళ ఆవిరికి ఎంత పడుతుందో చూసింది. నిజమే, గ్యాసు కంటే ఓ పిసరు ఎక్కువే.

“నా మంటలో లోపం ఏటి స్వామీ?” అని అడిగింది.

స్వామి లేచి వంటశాల వెనక్కి నడిచారు. గంగాళాలకు వేడి ఇచ్చేసిన ఆవిరి మళ్ళీ నీరై, అక్కడి గొట్టంలోంచి సెగలు కక్కుతూ రాతి తొట్టిలో పడుతోంది. దాంట్లో చన్నీళ్ళు కలుపుకుని, నడిచొచ్చిన యాత్రికులు కాళ్ళు పెట్టుకుని కూర్చున్నారు.

వరహాలమ్మకు చప్పున వెలిగింది. “ఈ వేణ్ణీళ్ళు మళ్ళీ బాయిలరుకే తిప్పుకుంటే పదింట ఒక పాలు కట్టె మిగులుద్ది స్వామీ. ఇంక గ్యాసు మన దరికి రాలేదు” అంటూనే గొట్టం మీద చెయ్యి వెయ్యబోయింది.

బొబ్బలెక్కిన పాదాలు రుద్దుకుంటున్న ఓ ముసలామె తలెత్తింది. “దేవుడి కాడికి రేపెల్తాను గానీ తల్లీ, ముందు ఈ నీళ్ళకే వచ్చాను. ఎవరు కాస్తన్నారో, ఆ చెయ్యి సల్లగుండాల.”

వరహాలమ్మ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఆమె కొంగు దోపుకుని వెళ్ళి ధర్మకర్తను అక్కడికే పిలుచుకొచ్చింది.

“ఈ వేణ్ణీళ్ళకి పోయే పదో పాలు కట్టె ఖర్చు అన్నం మీద రాయకండి బాబూ, ఈ కాళ్ళ మీద రాయండి. అప్పుడు నా ఆవిరినీ మీ గ్యాసునీ పక్కపక్కన పెట్టి చూడండి.” ఆమె అలా తలెత్తి మాట్లాడటం మఠంలో ఎవరూ ఎరగరు.

అప్పన్న మనసులో లెక్కేసుకున్నారు. ఈసారి గ్యాసే ఎక్కువ తేలింది. ఆయన నవ్వారు. “బాగానే ఉందమ్మా. కానీ కాళ్ళ ఖర్చని మన పద్దుల్లో ఎక్కడుంది? ఎవరి పేర రాయను?”

అప్పటిదాకా నిలబడే ఉన్న స్వామి పంచె పైకి లాక్కుని, ముసలామె పక్కన కూర్చుని, కాళ్ళు తొట్టిలో పెట్టారు.

“ఇవాళ్టికి నా పేర రాసుకో, అప్పన్నా.”