ముల్లు చూపిన యజమాని

పూర్వం ఒక సముద్రతీరపు రాజ్యంలో భర్త పోయిన కాసులమ్మకు ఒక తెరచాప ఓడ మిగిలింది. దాన్ని ఆమె తమ్ముడు నడిపేవాడు. ఒకరోజు రేవు అధికారి మార్తాండరావు ఓడెక్కి, ఇత్తడి పెట్టెలోని దిక్సూచిని చూసి మనసుపడ్డాడు.

"చూశావా, దీని ముల్లు మా మేడ వైపే చూస్తోంది! సొత్తు యజమానిని గుర్తుపడుతుంది. ఇది నాదే," అంటూ కాసులమ్మ కళ్ళముందే పట్టుకుపోయాడు.

కాసులమ్మకు ఒళ్ళు మండిపోయింది. దిక్సూచి లేకుండా తమ్ముణ్ణి నడిసముద్రంలోకి పంపడమంటే చావుకు పంపడమే. కొంగు బిగించి, రేవులోని జనాన్ని వెంటబెట్టుకుని మేడకే వెళ్ళింది. పెట్టె అధికారి ఎదురుగానే ఉంది.

"అయ్యా, మీరు ఇక్కడే కూర్చున్నారు కదా, మరి ముల్లు మీ వైపు తిరగదేం? కిటికీలోంచి కొండమీది కోటను చూస్తోంది. మీ తీర్పు ప్రకారం ఇది రాజుగారి సొత్తు. దాన్ని మీ ఇంట్లో దాచారని కోటలో చెప్పి రానా?"

మార్తాండరావు ముఖం పాలిపోయింది. "ముల్లు ఎప్పుడూ ఉత్తరమే చూస్తుంది తల్లీ! ఎవరి సొత్తో దానికేం తెలుసు?"

"అంటే తెలిసే దోచుకున్నారన్నమాట!" అని కాసులమ్మ అందరూ వినేలా అరిచి, పెట్టె చంకనెత్తుకుని, దండమైనా పెట్టకుండా రేవుకు నడిచింది.