నీళ్ళు తగ్గని కుండ

భ్రమరాంబ గారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. పెడన దగ్గర ఆవిడ నడిపే అద్దకం షెడ్డులో పన్నెండేళ్ళుగా పని నేర్చుకుంటున్న సుదర్శనానికి ఇది తెలుసు. షెడ్డు బాధ్యత అతనికి అప్పగించి అప్పటికి ఏడాది కూడా కాలేదు. అయినా ఆ మే నెలలో అడగక తప్పలేదు.

బట్టల మీద అచ్చులు అద్దే నాంచారి ఒక ఫిర్యాదు తెచ్చింది. షెడ్డులో మంచినీళ్ళ కుండ మేస్త్రీ గోవర్ధన్ కుర్చీ పక్కనే ఉంటుంది. మరుగుదొడ్డికి వెళ్ళే పెరటి గుమ్మమూ అటే. ఆడవాళ్ళు ఎవరు అటు వచ్చినా అతను కాళ్ళు బారచాపుతాడు. ఒరుసుకుంటూ దాటాలి. దాటుతుండగా నడుము మీదో, దాహం మీదో ఒక మాట విసురుతాడు. సుదర్శనం అతన్ని పిలిచి అడిగితే అవన్నీ సరదాకి అన్నవేననీ, నాంచారి ఉంటే తను మాత్రం పనిలోకి రాననీ తెగేసి చెప్పాడు. అంచు చెదరకుండా రంగు మీద రంగు కుదిర్చే మేస్త్రీ చుట్టుపక్కల మరొకడు లేడు. సుదర్శనం ఆలోచించి, నాంచారిని పనిలోంచి తీసేస్తున్నట్టు కాగితం రాశాడు. సంతకం దగ్గర మాత్రం చెయ్యి ఆగింది. ఆ కాగితంతోనే భ్రమరాంబ గారి దగ్గరికి వెళ్ళాడు.

"అతను చెయ్యి వెయ్యలేదమ్మా. ఆ మాటలకి మిగతా ఆడవాళ్ళు నవ్వారు కూడా. దీన్ని వేధింపు అనొచ్చా?"

ఆవిడ కాగితం తీసుకుని తన దగ్గరే ఉంచుకుంది. రేపటినుంచి ఆ కుండ నువ్వే నింపు, సాయంత్రం ఎంత మిగిలిందో వచ్చి చెప్పు అంది.

మొదటి రోజు రేకుల కింద నిప్పులు చెరిగే ఎండ. పద్దెనిమిది మంది ఆడవాళ్ళు పొద్దుటినుంచీ నిలబడి అద్దారు. సాయంత్రం కుండలో రెండు చెంబులు కూడా తగ్గలేదు. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. ఇంటినుంచి తెచ్చుకుంటున్నారు కాబోలని చెప్పాడు సుదర్శనం. అంతమంది నోళ్ళు ఎండబెట్టుకుని పని చేస్తుంటే, అతని కంటికి అది మంచి అలవాటులా కనబడింది. రేపు కూడా నింపమంది భ్రమరాంబ గారు.

నాలుగో రోజు గోవర్ధన్ అద్దకానికి పటికా కరక్కాయా కొనడానికి బందరు వెళ్ళాడు. పదింటికల్లా కుండ ఖాళీ అయింది. మళ్ళీ నింపితే భోజనాల వేళకి మళ్ళీ ఖాళీ. బిందె చంకన పెట్టుకుని నిలబడిపోయిన సుదర్శనం, చెంబెత్తి గటగటా తాగుతున్న ముసలి వజ్రమ్మను అడిగాడు, రోజూ ఎందుకు తాగరని.

"తాగితే పెరట్లోకి వెళ్ళాలి కదయ్యా. మళ్ళీ ఆయన కాళ్ళు దాటాలి."

మూత్రంలో మంటతో ఇద్దరు డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చారని కూడా చెప్పింది. మరి అతని మాటలకి నవ్వారు కదా అని సుదర్శనం నసిగాడు. వజ్రమ్మ చెంబు బోర్లించింది.

"నవ్వకపోతే ఆ సాయంత్రం మా బట్టలో తప్పులు దొరుకుతాయి బాబూ. నాంచారి నవ్వలేదు. దాని చేత మూడుసార్లు మళ్ళీ అద్దించాడు."

ఆ సాయంత్రం సుదర్శనం తల వంచుకుని భ్రమరాంబ గారి ముందు నిలబడ్డాడు. విన్నదంతా చెప్పాడు. చెప్పి, దారి దొరికిన ఉత్సాహంతో, రేపే కుండని అవతలి గోడ దగ్గరికి మార్పిస్తాననీ, పెరట్లోకి ఇంకో గుమ్మం కొట్టిస్తాననీ అన్నాడు.

ఏనాడూ గొంతు పెంచని ఆవిడ చేతిలోని అచ్చును బల్ల మీద ఠపీమని పెట్టింది. నాంచారి పేరున్న కాగితం తీసి, ఆ పేరు మీద అడ్డంగా గీత గీసి, పైనున్న ఖాళీ చోటు వేలితో చూపించి, కలంతో సహా అతని ముందుకి తోసింది.

"నాలుగు రోజులు నీళ్ళు మోశావు. ఇంకా కుండనే చూస్తున్నావా?"