సన్నక్షరాల ఆరేళ్లు

సన్యాసిరావుకు అక్షరాలు కుదరడం లేదు.

ఉద్యోగానికి పంపాల్సిన రెజ్యూమె అది. ఆ సాయంత్రం ఐదు గంటల్లోగా పంపాలి. పరవాడ వైపు ఒక మందుల కంపెనీలో స్టోర్స్ చూసుకునే పని. వచ్చే నెలకు అతనికి నలభై నిండుతాయి. నలభై దాటినవాళ్లను ఆ కంపెనీ తీసుకోదు. ఇది పోతే ఇలాంటిది మళ్లీ రాదని అతనికి తెలుసు.

రాయాల్సింది ఎప్పుడో రాసేశాడు. ఒక్క పేజీ. టైమ్స్ న్యూ రోమన్ ఫాంటులో పెడితే కోర్టు కాగితంలా కనిపించింది. కాలిబ్రిలోకి మారిస్తే అందరి రెజ్యూమెల్లాగే ఉంది. గారమండ్‌లో చూస్తే పెళ్లి శుభలేఖ. ఇంట్లో మనసు నిలవక, పొద్దున్నే ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని, నర్సీపట్నం దగ్గర జీడితోటల మధ్య గుట్ట మీదున్న మాతాజీ ఆశ్రమానికి వచ్చాడు. అతను చాలా ఏళ్లుగా ఆమె శిష్యుడు.

ఆశ్రమంలో ఒక పద్ధతి ఉంది. ఎవరు వచ్చినా, ఎన్నేళ్లుగా వస్తున్నా, మాతాజీకి దణ్ణం పెట్టగానే తమ పేరు, తాము ఎవరి బిడ్డో చెప్పుకోవాలి. కొత్తవాళ్లు దాన్ని అహంకారం పోగొట్టే సాధన అనుకునేవారు. పాతవాళ్లకు తెలుసు, అది వంట చూసే వరాలమ్మ పెట్టిన పద్ధతి. ఒకప్పుడు గుట్ట ఎక్కి వచ్చిన ప్రతివాడి పేరూ, వాడి ఊరూ, వాడింటి ఆవు పేరూ గుర్తుంచుకున్న మాతాజీ, ఇప్పుడు ఎదుటి ముఖంలో ఏదో వెతుకుతున్నట్టు చూస్తున్నారు. చూపు కూడా మందగించింది. ఆ వెతుకులాట చూడలేక వరాలమ్మ ఈ నియమం పుట్టించింది. దాని గురించి ఎవరూ పైకి మాట్లాడరు.

"సన్యాసిరావును మాతాజీ. బంగారమ్మ కొడుకుని."

"కూర్చో నాయనా. ఆకులు అందుకో."

మాతాజీని ఏదైనా అడగాలంటే, మధ్యాహ్నం భోజనాలకు విస్తళ్లు కుడుతూ అడగాలి. మధ్యలో అడ్డాకుల కట్ట, పక్కన సన్నగా చీల్చిన వెదురు పుల్లలు. మాతాజీ చూడకుండానే కుడతారు. ఆమె వేళ్లకు ఆకు అంచులు తెలుసు. సన్యాసిరావు రెండు పుల్లలు గుచ్చి ల్యాప్‌టాప్ తెరిచాడు. ఏదో మార్చాడు. మళ్లీ ఆకు తీశాడు. అది చిరిగింది. మళ్లీ ల్యాప్‌టాప్.

"పేరేమో సన్యాసి, ఒళ్లోనేమో ఆ పెట్టె," అంది వరాలమ్మ, చేటలో కందిపప్పు చెరుగుతూ. "పొద్దుట్నించీ ఏటి బాబూ అందులో వండుతున్నావు? ఇంకా ఉడకలేదా?"

"అక్షరాలు కుదరడం లేదు వరాలమ్మా."

"అచ్చరాలకి పురుగేటి పడతాదా, ఏరుకోడానికి?"

మాతాజీ నవ్వారు. "దాని సంగతేమిటో చెప్పు నాయనా."

"లోపలి మాట ఒకటే మాతాజీ. ఏ అక్షరాల్లో పెడితే చదివేవాడి కన్ను ఆగుతుందో తెలియడం లేదు. ఇంకోటి, వర్డ్ ఫైలుగా పంపాలా, పీడీఎఫ్‌గా పంపాలా అని. వర్డ్ అయితే ఒక్కో చోట ఒక్కోలా తెరుచుకుంటుంది. మనం వాడిన అక్షరాలు వాళ్ల దగ్గర లేకపోతే వేరేవి వచ్చి కూర్చుంటాయి. వరసలు జరిగిపోతాయి. పీడీఎఫ్ అయితే ఎక్కడ తెరిచినా ఉన్నది ఉన్నట్టే ఉంటుంది."

"ఎక్కడ తెరిచినా ఉన్నది ఉన్నట్టే ఉంటుందా?"

"ఉంటుంది."

"అది నీకు దొరికిందా? మిగతావాళ్లంతా దానికోసమే కదా ఈ గుట్ట ఎక్కుతున్నారు."

వరాలమ్మ చేటలోకి నవ్వుకుంది. సన్యాసిరావుకు నవ్వు రాలేదు.

"మరి అదే పంపరాదూ?" అన్నారు మాతాజీ.

"అలా చేసి పంపేశాక ఇక దిద్దడానికి ఉండదు మాతాజీ. అందుకే చెయ్యి రావడం లేదు."

మాతాజీ చేతిలోని విస్తరిని ఒళ్లో పెట్టుకున్నారు. "నాకు కళ్లు ఆనవు. చదివి వినిపించు."

అతను చదివాడు. పేరు, ఊరు, చదువు.

"తర్వాత, అనుభవం. ఇది లావక్షరాల్లో పెట్టాను మాతాజీ."

"వినపడలేదు."

"ఏది?"

"లావు."

అతను గొంతు సవరించుకుని ముందుకు పోయాడు. రెండువేల పద్నాలుగు దాకా ఒక రొయ్యల కంపెనీ గిడ్డంగిలో. రెండువేల ఇరవై నుంచి ఇప్పటిదాకా ఎరువుల డిపోలో.

"మధ్యలో ఆరేళ్లు?"

"అక్కడో వరస ఉంది. సన్నక్షరాలు. బూడిద రంగు."

"సన్నవి కూడా వినపడవు నాయనా. ఏం చేశావు ఆ ఆరేళ్లూ?"

"వ్యక్తిగత కారణాలు అని రాశాను."

మాతాజీ ఊఁ అన్నారు. మళ్లీ ఆకు అందుకున్నారు. సన్యాసిరావు అక్షరాలు మార్చడంలో పడ్డాడు. మాతాజీ ఒళ్లో ఇంకో విస్తరి పూర్తయింది.

"ఏం నాయనా," అన్నారామె, అప్పుడే గుర్తొచ్చినట్టు. "ఆ ఆరేళ్లూ ఏం చేశావు?"

అతను వరాలమ్మ వైపు చూశాడు. వరాలమ్మ తల ఎత్తలేదు.

"ఇంటి దగ్గరే ఉన్నాను మాతాజీ. అమ్మకు బాగా లేక."

అక్కడ కూర్చోలేకపోయాడు. గుట్ట అంచున ఒక బండ ఉంది, దాని మీద నిలబడితేనే ఫోన్‌కు సిగ్నల్ అందుతుంది. ఎండలో అక్కడికి పోయి, రెండు ఫైళ్లూ విశాఖలో ఉన్న స్నేహితుడు మంగరాజుకు పంపాడు. కాసేపటికి మంగరాజే ఫోన్ చేశాడు.

"ఒరేయ్, ఈ వర్డ్ ఫైలుకి ఏం చేశావురా? పక్కన పెట్టిన సంవత్సరాలు ఊడొచ్చి పేజీ నడిమధ్య పడ్డాయి. పద్నాలుగు, ఇరవై. తెరవగానే అవే కనపడుతున్నాయి."

"పీడీఎఫ్ చూశావా?"

"చూశాను. అందులో బానే ఉంది. మధ్యలో మాత్రం ఏదో చీమలబారులా ఉంది. పెద్దది చేసి చూస్తే గానీ అక్షరాలని తెలియలేదు. ఏంట్రా అది?"

"దాచినట్టు తెలిసిపోతోందా?"

"దాచినట్టే తెలుస్తోంది."

సన్యాసిరావు బండ మీద అటూ ఇటూ తిరిగాడు. "ఇంకో ఫాంటులో పంపుతాను, చూసి చెప్తావా?"

"నేను ఆఫీసులో ఉన్నానురా బాబూ. నిన్నట్నుంచి ఎన్ని పంపావో చూసుకున్నావా? నాకు నీ పేరు తప్ప ఇంకేం గుర్తుండటం లేదు."

తిరిగి వచ్చేసరికి అతను సగంలో వదిలేసిన విస్తరి మాతాజీ ఒళ్లో ఉంది. ఆమె వేళ్లు దాని మీద నడుస్తున్నాయి. మధ్యలో ఆగాయి. అక్కడ ఆకులు కలవక రెండువేళ్ల సందు ఉంటే, ఒక చిన్న ఆకు పైన పెట్టి సరిపెట్టాడు అతను. ఆమె చూపుడువేలు ఆ ఆకు కిందికి దూరి అవతలికి వచ్చింది.

"ఇది కుట్టావా, కప్పావా?"

"కప్పాను."

మాతాజీ విస్తరి అతనికి ఇచ్చారు. తడిమి ఒక పుల్ల తీసి అతని వైపు చాపారు. అతను అందుకుంటుండగా, మళ్లీ అదే ముఖంతో, అదే మెత్తని గొంతుతో అడిగారు.

"ఏం నాయనా, ఆ ఆరేళ్లూ ఏం చేశావు?"

"చెప్పాను కదా, ఇందాకే..."

అని ఆగిపోయాడు.

ఆ మాట అతనికి తెలుసు. ఆ విసుగు కూడా తెలుసు. ఇంట్లో మొదటి ఏడాది అంతా అమ్మతో అదే మాట, అదే గొంతుతో అనేవాడు. తర్వాత మానేశాడు. మళ్లీ ఎప్పుడూ అనకూడదనుకున్నాడు.

సందు మీద కప్పిన చిన్న ఆకు తీసేసి, ఇంకో ఆకు అందుకున్నాడు. కుడుతూ చెప్పడం మొదలుపెట్టాడు.

"అమ్మకు మతిమరుపు జబ్బు వచ్చింది మాతాజీ. మొదట తాళాలు మరిచిపోయేది. తర్వాత పొయ్యి మీద పాలు. ఓ రోజు పులుసులో ఉప్పనుకుని పంచదార పోసింది. తను రుచి చూసి, నాకు పెట్టకుండా దాచి, పెరట్లో కూర్చుని ఏడ్చింది. నేను ఆ నెలలోనే ఉద్యోగం మానేశాను. వంటింట్లో డబ్బాలన్నిటికీ పేర్లు రాసి అంటించాను. బీరువాకి, స్నానాలగది తలుపుకి కూడా. ఏ డబ్బా ఎక్కడుండాలో అలమరలో గీతలు గీశాను. బెత్తెడు జరిగినా బెదిరిపోయేది. పొద్దుటి మాత్రలు ఒక అరలో, రాత్రివి ఇంకో అరలో పెట్టాను. ఏ పూటా తప్పనివ్వలేదు. నా ఫొటో గోడకి పెట్టి, కింద నా పేరు రాశాను."

"ఎలాంటి అక్షరాలు రాశావు?"

సన్యాసిరావు ఆలోచించలేదు. "మామూలువే మాతాజీ. నల్లగా, పెద్దగా, ఎడంఎడంగా. అమ్మకు కనపడాలి కదా."

వరాలమ్మ చేట ఆగింది.

అతని చెయ్యి కూడా ఆగింది. మాతాజీ మాత్రం మరో ఆకు తీసుకుని, అంచు వెతుక్కుని, పుల్ల గుచ్చారు.

"ఆఖర్లో నన్ను అన్నయ్యా అని పిలిచేది," అన్నాడతను కాసేపటికి. "పలికేవాణ్ణి. ఇరవైలో పోయింది. నిద్రలోనే."

విస్తరి పూర్తిచేసి పక్కన పెట్టి, అతను ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కున్నాడు. పేజీ పైన అందం కోసం పెట్టిన రంగు పట్టీ తీసేశాడు. సంవత్సరాల కోసం పక్కన గీసిన నిలువు వరస తీసేశాడు. సంవత్సరాలను వాటి వాటి పనుల ముందుకు తెచ్చాడు. పద్నాలుగుకూ ఇరవైకీ మధ్య, మతిమరుపు జబ్బుతో ఉన్న తల్లిని చూసుకున్నానని, ఆమె మందులు, సరుకులు, ఇల్లు నడిపానని రాశాడు. మిగతా వరసలు ఎంత నలుపో అదీ అంతే నలుపు, ఎంత పెద్దవో అంతే పెద్దది. ఏ ఫాంటులో పంపావురా అని ఆ తర్వాత మంగరాజు అడిగితే, వెంటనే చెప్పలేకపోయాడు.

పీడీఎఫ్ చేశాడు. బండ దాకా నడిచి వెళ్లి పంపేశాడు. ఈసారి ఎవరికీ ఫోన్ చెయ్యలేదు.

అతను వచ్చేసరికి భోజనాలకు విస్తళ్లు పరుస్తున్నారు. అతను కుట్టింది అతనికే వచ్చింది. వరాలమ్మ అన్నం పెట్టి, చారు పోసి, వంగి చూసింది.

"నడుమ ఆగింది గానీ, పక్కనించి కారతంది బాబూ. తొందరగా తిను."

తిని, చేతులు కడుక్కుని, సెలవు తీసుకోడానికి మాతాజీ దగ్గరికి వెళ్లాడు. ఆమె ముఖం ఎత్తి, అతని ముఖంలో వెతికారు.

"ఎవరు నాయనా?"

"సన్యాసిరావును మాతాజీ. బంగారమ్మ కొడుకుని."

"బంగారమ్మ..." అన్నారామె నెమ్మదిగా. "నువ్వు మధ్యలో ఆరేళ్లు ఏదో చేశావు. ఏం చేశావు?"

అతను ఆమె ముందు కూర్చున్నాడు. పొద్దున్నుంచి మనసులో మెదులుతున్నది అడిగేశాడు.

"మాతాజీ, తప్పుగా అనుకోకండి. మీరు నిజంగా మరిచిపోయి అడుగుతున్నారా, నాతో చెప్పించాలని అడుగుతున్నారా?"

మాతాజీ చాలాసేపు ఆలోచించారు. ఆమె వేళ్లు ఒళ్లో లేని ఆకు అంచు వెతుకుతున్నట్టు కదిలాయి.

"అదీ గుర్తు లేదు నాయనా," అన్నారు. "నువ్వు చెప్పు."

సన్యాసిరావు భుజానున్న సంచి తీసి కింద పెట్టి, మొదటినుంచి చెప్పాడు.