ఓబులమ్మ చేట

చిత్రావతి ఏరు ఏడాది పొడుగునా పారిన కాలమట అది. మిట్టన కొర్రలు, పల్లాన జొన్నలు పండిన కాలమట. ఆ కాలాన ఆ ఏటి ఒడ్డున ఒక ఊరుండేది. ఆ ఊళ్లో సుంకులమ్మ అని ఒకామె ఉండేది.

సుంకులమ్మది గొప్ప గొంతు. పెండ్లి పందిట్లో ఆమె పాడాలి, కలుపు చేలో ఆమె పాడాలి, బిడ్డను ఉయ్యాల్లో వేస్తే ఆమె పాడాలి. పరాయి ఊరివాళ్లు ఎవరొచ్చినా మొదట "సుంకులమ్మ ఇల్లు యాడ?" అని అడిగేవాళ్లు. ఆ మాట చెవిన పడితే చాలు, ఆమెకు కడుపు నిండిపోయేది.

ఆమె పక్కిల్లే మేదరి ఓబులమ్మది. వెదురు చీల్చి, చేటలూ తట్టలూ అల్లుకుని బతికే ఒంటి మనిషి. గొంతు మాత్రం అడుగంటిన కుండను గరిటెతో గీకినట్టుండేది.

ఒక ఏడు జాతరలో పక్క ఊరి పిల్లలు చెక్కభజన ఆడారు. చేతుల్లో చెక్కలు టకటకమన్నాయి, కాళ్ల గజ్జెలు ఘల్లుమన్నాయి. ఈ ఊరి పిల్లలు ఓ పక్కన నిలబడి, ఒట్టి చేతులు చరుచుకుంటూ ఆ అడుగులే వేయబోయి, కాలికి కాలు తగిలి పడ్డారు. జనం నవ్వారు. ఓబులమ్మ నవ్వలేదు. ఆ పిల్లలకు నేర్పిన గురువు తిమ్మప్ప దగ్గరికి నేరుగా పోయింది.

"మా పిల్లోళ్లకు కూడా నేర్పుతావా నాయనా?"

"నేర్పుతాను తల్లీ. నేర్పినన్నాళ్లు నాకు తిండి పెట్టాల. పిల్లోళ్లకు చెక్కలు, గజ్జెలు చేయించాల. మీ ఊరు మోస్తుందా?"

ఊరి పెద్దలను అడిగితే, "వానలు పడనీ, చూద్దాంలే" అన్నారు. ఓబులమ్మ వానల కోసం కూర్చోలేదు. కొత్త చేట ఒకటి అల్లుకుని వీధిలోకి దిగింది.

"చేతికి చెక్కలు, కాళ్లకు గజ్జెలు, గురువుకు గింజలు. ఉన్నోళ్లు దోసెడు, లేనోళ్లు పిడికెడు. పిల్లోళ్ల ఆటకు ఇయ్యండమ్మా."

ఆ గొంతుకు కుక్కలు మొరిగాయి. అయినా తలుపులు తెరుచుకున్నాయి. ఒకామె జొన్నలు పోసింది, ఒకామె కొర్రలు పోసింది, ఏమీ లేని ముసలామె గుప్పెడు ఉలవలు పోసింది. గురువు వచ్చాడు. పిల్లలు వరస కట్టారు. ఊరంతా ఓబులమ్మ మాటే.

సుంకులమ్మ గడపలో కూర్చుని చూసింది. 'పుట్టినప్పటి నుంచి పాడతాండా. బాగుందమ్మా అని లోపలికి పోయినోళ్లే గానీ, గింజ తెచ్చినోళ్లు లేరు. ఆ గీకుడు గొంతుకు చేట నింపుతారా?' ఆమెకు ఆ పూట అన్నం సయించలేదు.

మరునాడు ఓబులమ్మ కంటే ముందే లేచి, తనూ ఒక చేట పట్టుకుని వీధిన పాడుతూ పోయింది. జనం గింజలు పెట్టారు. అవి తీసుకుపోయి గురువు ముందు పోస్తే, ఆయన కళ్లు చికిలించి చూశాడు.

"ఓబులమ్మ పంపిందా తల్లీ?"

సుంకులమ్మ ఇంటికొచ్చి చేటను చూరులోకి విసిరింది.

ఆ తర్వాత ఏటి దగ్గర బట్టలుతికే ఆడవాళ్లతో మెల్లగా ఒక మాట వేసింది. "ఓబులమ్మ చేటకు అడుగున చిల్లులుండాయంట. గింజలు గురువు దగ్గరికి పోయేలోపల సగం ఆమె పొయ్యి కాడ రాలతాయంట."

ఆ మాట ఇంటింటికీ పాకింది. తలుపులు ఒక్కటొక్కటే మూసుకున్నాయి. ఓబులమ్మ ఎవరితోనూ పోట్లాడలేదు. తన కూడు గురువుకు పెట్టి తాను గంజి తాగింది. చివరికి సుంకులమ్మ గడప ముందుకొచ్చి నిలబడింది.

"అక్కా, నా గొంతు వింటే ఎవరూ బయటికి రాకుండారు. నువ్వు నా ఎంబడి వస్తే చాలు. నువ్వు పాడు, నేను చేట పట్టుకుంటా."

ఎన్నాళ్లుగానో సుంకులమ్మ వినాలనుకున్న మాట అది. కానీ అడిగింది ఓబులమ్మ. అందుకే సుంకులమ్మ లోపలికి పోయి, గుప్పెడు పొట్టు తెచ్చి చేటలో పోసింది.

ఓబులమ్మ ఆ పొట్టును చూసింది. "సరే అక్కా" అని, ఊరి బయటికి నడిచింది. ఈ ఊరు పెట్టకపోతే ఏటి అవతలి ఊర్లు పెడతాయని ఎండలో ఊరూరా తిరిగింది. చేట నింపుకుని తిరిగి వస్తూ, వడదెబ్బ తగిలి దారిలోనే పడిపోయింది. మళ్లీ లేవలేదు.

ఆమెకు పిల్లలు లేరు. ఊరి పిల్లలందరూ చెక్కలు పట్టుకుని పాడె ముందు ఆడారు. తలుపులు మూసుకున్న వాళ్లంతా ఏడ్చారు. సుంకులమ్మకు ఏడుపు రాలేదు. కడుపు మండింది. 'సచ్చి కూడా నాకంటే ముందే నిలబడింది. నేను పోతే ఎవరు ఆడతారు ఇట్లా?'

గురువు మూట కట్టుకున్నాడు. అది చూసి ఎదురింటామె అంది, "ఓబులమ్మ ఉంటే పోనిచ్చేది కాదు. ఇంకెవరి వల్ల అయితుందిలే."

ఆ మాట సుంకులమ్మకు ముల్లులాగా దిగింది. జాలితో లేచిందని కొందరంటారు, పాపభయంతో లేచిందని కొందరంటారు. రెండూ కొంత నిజం కావచ్చు. కానీ ఎక్కువ భాగం అసూయే. ఓబులమ్మ చేసింది తాను చేయలేననా? ఓబులమ్మ చేటనే తీసుకుని, ఎదురింటి ముందే మొదలుపెట్టింది.

"చేతికి చెక్కలు, కాళ్లకు గజ్జెలు, గురువుకు గింజలు."

ఎదురింటామె చేట వైపు చూసింది. "ఈ చేటకు చిల్లులుండాయని నువ్వే చెప్తివి గదా సుంకక్కా?"

వీధిలో వాళ్లంతా చూస్తున్నారు. సుంకులమ్మ చేటను తలపైకెత్తి ఎండకు పట్టింది. అందులో నుంచి ఒక్క వెలుగు చుక్క కూడా రాలేదు.

"లేవు. అప్పుడూ లేవు. కళ్లు మండి నేనే అబద్ధం చెప్పినా."

ఎదురింటామె లోపలికి పోయి, దోసెడు జొన్నలు తెచ్చి పోసింది. గురువు మూట విప్పాడు.

ఆ ఏడు జాతరలో ఈ ఊరి పిల్లలు ఆడారు. జనం విరగబడి చూసి, "వీళ్లు ఓబులమ్మ పిల్లలంట" అన్నారు. సుంకులమ్మ పళ్లు కొరుక్కుంది. మరుసటి ఏడు ఇంకో నాలుగూళ్లు తిరిగింది. అప్పుడూ అదే మాట. ఆ పైయేడు, ఎవరూ పాడలేనంత తీయగా పాడి అడిగింది. అప్పుడూ అదే మాట. పంతం కొద్దీ ఏటేటా తిరిగింది. తిరుగుతూనే ముసలిదైపోయింది.

ఒకసారి ఎక్కడో దూరపు ఊళ్లో, కొత్తగా కాపురానికొచ్చిన కోడలు ఒకామె పాట విని వాకిట్లోకి వచ్చింది.

"అవ్వా, చేట పట్టుకుని వచ్చే ఓబులమ్మ అంటే నువ్వేనా?"

సుంకులమ్మ నోరు తెరిచింది. తన పేరు నాలుక చివరి దాకా వచ్చింది. వాకిట్లో ఆ పిల్ల రెండు చేతులా కొర్రలు పట్టుకుని నిలబడి ఉంది.

"ఆ, ఓబులమ్మనే. చేటలో పొయ్యి తల్లీ" అంది సుంకులమ్మ.

ఆ పిల్ల దోసెడు కొర్రలూ పోసింది.

ఇప్పటికీ ఆ పక్క ఊళ్లలో పిల్లలు కొత్తగా గజ్జె కట్టే ముందు ఇంటింటికీ చేట పట్టుకుని వస్తారు. గింజలు పోసేవాళ్లు "ఓబులమ్మకు" అని పోస్తారు. పిల్లలు ఆ పాత పాటే పాడతారు. అది విన్న ముసలివాళ్లు తలలూపి, "ఏమి పాడుతారులే వీళ్లు. ఓబులమ్మ గొంతు వినాల్సిందంట. తేనె పోసినట్టుండేదంట" అని చెప్పుకుంటారు.