ఎలుకల ఉపవాసం

హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో వకుళ అనే పరిశోధకురాలు ఉండేది. తెలివి బోలెడు, ఓపిక మాత్రం పూజ్యం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం.

మన కాలేయంలో ఎన్నో ఎంజైములు ఉంటాయి. వాటిలో ఒకదాని పనేమిటో ఎవరికీ తెలియదు. అది తేల్చాలని వకుళ, ఆ ఎంజైమును తయారుచేసే జన్యువును తీసేసి కొన్ని ఎలుకలను పుట్టించింది. అది లేకపోతే వాటికేం లోటొస్తుందో చూద్దామనుకుంది. అబ్బే, అవి మామూలు ఎలుకల్లాగే తిని, ఆడి, హాయిగా నిద్రపోయేవి. వకుళ వాటిని ముద్దు చేసేది మరి! మేత గిన్నె అడుగు కనబడనిచ్చేది కాదు.

"ఇది ఉత్త దండగ ఎంజైము" అని తేల్చేసింది.

అదే ఎంజైము లేకుండా పుట్టిన పాప ఒకతె ఉందని రక్తపరీక్షలో తేలింది. తల్లి సుగుణ ఆ బిడ్డను చంకనేసుకుని వకుళ దగ్గరికి వచ్చింది.

"నా బిడ్డకు భయమేం లేదు గదా మేడం?"

"రేపు రండి, చెబుతాను" అంది వకుళ. భయం లేదని చెప్పాలని అప్పటికే అనుకుంది, కాగితం రాయడమే మిగిలింది.

ఆ రోజు కార్తీక సోమవారం. వకుళకు ఉపవాసం. మధ్యాహ్నం కిటికీలోంచి ఎండ వెచ్చగా పడుతుంటే బల్లమీద తల వాల్చింది. కలలో ఆమె కాలేయంలోకి నడిచి వెళ్లింది. అదొక పెద్ద వంటశాల. పొయ్యిలన్నీ ఆరిపోయాయి. వంటవాళ్లు గుర్రుపెడుతున్నారు. మూలన ఒక అవ్వ మాత్రం దాచిన నెయ్యి తీసి దీపాల్లో పోస్తోంది. దీపాలు మెల్లగా వెలుగుతున్నాయి.

"అవ్వా, నిన్నెప్పుడూ చూడలేదే?"

"విందు రోజున నాకేం పని తల్లీ? పస్తు రోజునే నా వంతు" అంది అవ్వ.

వకుళ ఉలిక్కిపడి లేచింది. "నా మతి మండా! నా ఎలుకలు ఒక్కపూటైనా పస్తున్నాయా?" అంటూ వెళ్లి అన్ని గిన్నెలూ తీసేసింది.

మర్నాడు పొద్దున చూస్తే మామూలు ఎలుకలు గెంతుతూనే ఉన్నాయి. ఎంజైము లేనివి ముడుచుకుని వణుకుతున్నాయి. వకుళ గబగబా చక్కెరనీళ్లు పట్టింది. కాసేపటికి అవి తేరుకున్నాయి. అవ్వ దాచిన నెయ్యి తీసినట్టు, పస్తువేళ ఒంట్లోని కొవ్వును కరిగించి శక్తినిచ్చేది ఆ ఎంజైమేనని వకుళకు అర్థమైంది.

అంతలో సుగుణ వచ్చింది. "పాపకు ఒళ్లు వెచ్చబడింది మేడం. లంఖణం పరమౌషధమని మా అత్త ఇవాళ ఏమీ పెట్టొద్దంది."

వకుళ చప్పున పాప నుదురు తాకి చూసింది. "వద్దమ్మా! ఈ బిడ్డ పస్తుంటే ప్రాణానికే ముప్పు. ముందు పాలు పట్టండి, వెంటనే ఆసుపత్రికి వెళదాం!"

సుగుణ అక్కడే కూర్చుని పాలు పట్టింది. పాప గుటకలు వేస్తుంటే వకుళకు ఏడుపొచ్చింది. నిన్ననే "భయం లేదు" అనేసి ఉంటే?

నీతి: పని కనబడలేదని దేన్నీ దండగ అనకూడదు, కడుపు నిండినప్పుడు కాదు, ఆకలివేళ చూస్తేనే దాని విలువ తెలుస్తుంది.