రాజుగారి మడత కత్తి

నాలుగు వైపులా అడవే కోటగోడగా ఉన్న ఏనుగుమల రాజ్యాన్ని ఒకప్పుడు చండకేతు మహారాజు ఏలేవాడు. మనసు మంచిదే, చెయ్యి ధారాళమే. కాకపోతే ఆయుధాల సంగతి తనకు తెలిసినంతగా ముల్లోకాల్లో ఎవరికీ తెలియదని ఆయన నమ్మకం. "ఆయుధ విశారద" అనే బిరుదు తనకు తనే ఇచ్చుకున్నాడు. మామిడిపండు మాత్రం ఇంకొకరు కోసి పెడితేనే తినేవాడు.

ఒకరోజు రేవు నుంచి ఒక వర్తకుడు కొలువుకు వచ్చి, పట్టుగుడ్డ విప్పి ఒక కత్తి చూపించాడు. దంతపు పిడి, దానికి పగడాలు. పిడిలోంచి ఒకటి కాదు, ఐదు కత్తులు చేతివేళ్లలా విచ్చుకున్నాయి. రాజుగారి కళ్లు మెరిశాయి.

"మన అడవి కావలివాళ్లు మూడు వందల మందికీ ఇదే ఇప్పిస్తాం!" అన్నాడు. ఒక్కోటి ముప్పై వరహాలని వర్తకుడు చెప్పగానే కోశాధికారికి చెమటలు పట్టాయి. ముందుగా ఒక కత్తిని కావలి నాయకుడు బయ్యన్నకు వాడి చూడమని ఇచ్చారు.

నాలుగో రోజున బయ్యన్న కుడిచేతికి కట్టుతో వచ్చాడు. నేరుగా కొలువుకు పోయే ధైర్యం లేక, రాజుగారి కొలువులో చమత్కారిగా పేరుపడ్డ మాచన ఇంటికి వెళ్లాడు.

"వెదురు నరుకుతుంటే కత్తి దానంతటదే ముడుచుకుంది బాబయ్యా. రెండు వేళ్లు తెగాయి. అడవిలో మాకు ఉండేది ఒక్క కత్తే. తీగ తెంపాలన్నా, కట్టె చీల్చాలన్నా, చేప కొయ్యాలన్నా అదే దిక్కు. మీరే ఎలాగైనా చెప్పి చూడండి."

మాచన చెప్పాడు. రాజుగారికి కోపం వచ్చింది.

"కత్తిది కాదు తప్పు, చేతిది! నీకంత తెలిస్తే నువ్వే ఒక కత్తి తెచ్చి చూపించు. అన్ని పనులకూ పనికిరావాలి, కావలివాడు కొనుక్కోగలిగిన ధరలో ఉండాలి. నా కత్తిని మించితే సరే. లేదంటే, ఏడాదిపాటు ఏనుగుశాలలో పేడ ఎత్తు!"

"చిత్తం. మరి తీర్పరి ఎవరు ప్రభూ?"

"ఇంకెవరు? నేనే!"

సభ ముసిముసిగా నవ్వింది. మాచన మాత్రం తల వంచి ఒప్పుకున్నాడు. బయట బయ్యన్న తల కొట్టుకున్నాడు. "పందెం కాసిందీ ఆయనే, తీర్పు చెప్పేదీ ఆయనే! ఇంక మీరెలా గెలుస్తారయ్యా?"

మాచనకూ తెలియలేదు. అయినా కమ్మరి ఓబులు కొలిమికి నడిచాడు.

ఓబులు అప్పుడు ఒక కత్తితో పిడికర్ర చెక్కుతున్నాడు. మాచన కళ్లు మొదట మూరెడు పొడుగు కత్తి మీద పడ్డాయి. "అది మోయడానికే తప్ప వాడడానికి కాదు," అన్నాడు ఓబులు. ఇత్తడి పువ్వులు పొదిగిన చిన్న కత్తి అందుకోబోతే, "అది పెళ్లిళ్లకి," అన్నాడు.

"మరి అడవికి?"

"జానెడుకు రెండు వేళ్లు తక్కువ ఉండాలి. వెన్ను మందంగా ఉండాలి, పైన దుంగతో కొట్టినా ఓర్చుకునేలా. ఇనుము పిడి లోపల చివరిదాకా ఒకటే ముక్క. పిడి తుమ్మకర్ర, తడి చేతిలో జారదు. ముడుచుకోదు, విరగదు, మెరవదు కూడా! నాలుగు రూకలు. నా కత్తి ఇక్కడే పెట్టానే, ఏదీ..." అంటూ ఓబులు చుట్టూ తడుముకున్నాడు. అది ఆయన చేతిలోనే ఉంది.

"పనిముట్టు బాగుంటే ఇదే తంటా అయ్యా," అని నవ్వాడు ఓబులు. "చేతిలో ఉన్నట్టే గుర్తుండదు."

మాచన ఆ కత్తిని అడిగి మరీ కొనుక్కున్నాడు. ఇంటికి పోయేటప్పుడు అతని నడక తేలికైంది.

మర్నాడు ఉదయం రాజును కలిసి, "ప్రభూ, ఒక్క మనవి. పరీక్ష అడవిలో, కావలివాళ్ల ఎదుట జరగాలి. తమ భోజనం తమరే వండుకోవాలి. రెండు కత్తులూ ఒకే ఆకు మీద పెడతాను. ఏది వాడినా తమ చిత్తం," అన్నాడు.

"వంటా? ఓ, అదెంత పని!" అన్నాడు చండకేతు.

ఏటి ఒడ్డున ఇరవైమంది కావలివాళ్లు గుండ్రంగా కూర్చున్నారు. బియ్యం ఉంది, గిన్నె లేదు. వెదురు బొంగులో వండాలి. రాజు దర్జాగా మడత కత్తి విప్పి వెదురుమీద వేశాడు. మొదటి కత్తి అటూ ఇటూ ఊగింది. రెండోదాని కీలులో ఇసుక చేరి అసలు తెరుచుకోలేదు. మూడోది ముడుచుకోబోతే రాజు వేళ్లు చటుక్కున వెనక్కి తీసుకుని, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూశాడు. అందరూ చూశారు.

అయినా ఆయన పట్టు వదల్లేదు. నాలుగోదాంతో గీకుతూనే ఉన్నాడు. సూర్యుడు నడినెత్తికి వస్తున్నాడు. ఏనుగుశాల వాసన మాచన ముక్కుకు అప్పుడే తగలసాగింది.

ఇంతలో రాజుగారి కడుపు గట్టిగా గుర్రుమంది. ఆయన మడత కత్తిని ఆకుమీద పెట్టి, "పాపం, దీనికి కాసేపు విశ్రాంతి," అని పక్కనున్నదాన్ని అందుకున్నాడు.

నాలుగు వేట్లకు వెదురు తెగింది. వెన్నుమీద దుంగతో కొడితే కట్టె నిలువునా చీలింది. బయ్యన్న చెకుముకి రాయి అందిస్తే, అదే వెన్నుమీద కొట్టి నిప్పు రాజేశాడు రాజు. "చూశారా నా చేతివాటం!" అని మురిసిపోయాడు. కొరమీను పొట్ట కోశాడు, పొలుసు గీశాడు, పచ్చి మామిడికాయ తరిగాడు. వేడి అన్నం బొంగు చీల్చి కడుపారా తిన్నాడు. తన చేతివంట తినడం ఆయనకు జన్మలో అదే మొదలు.

తిన్నాక వెదురు పుల్లొకటి సన్నగా చెక్కి పళ్లు కుట్టుకుంటూ గొంతు సవరించుకున్నాడు.

"తీర్పు వినండి! నా కత్తే గెలిచింది. మాచనా, ఏనుగుశాలకు పద!"

కావలివాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. మాచన రెండు చేతులూ జోడించాడు.

"శిరసావహిస్తాను ప్రభూ. ఇంతటి భోజనం పెట్టిన కత్తి గెలవకుండా ఎలా ఉంటుంది? ఒక్క కోరిక. గెలిచిన కత్తిని తమ చేత్తో పైకెత్తి చూపించండి. మావాళ్లు దణ్ణం పెట్టుకుంటారు."

రాజు రొమ్ము విరుచుకుని చెయ్యి పైకెత్తాడు. తుమ్మకర్ర పిడి, చేప పొలుసు అంటిన నల్లటి కత్తి ఎండలో నిలిచింది.

బయ్యన్న వంగి దణ్ణం పెట్టాడు. ఇరవైమందీ పెట్టారు. ఎవరూ నవ్వలేదు, నవ్వు ఆపుకోలేక ఒకడు దగ్గాడు. రాజు నెమ్మదిగా తలెత్తి తన చేతికేసి చూశాడు. తర్వాత ఆకుమీద పడుకుని ఉన్న దంతపు పిడికేసి చూశాడు.

అంతే, ఏరు దద్దరిల్లేలా నవ్వాడు. "ఓరి మాచనా! నా చేత్తోనే నన్ను ఓడించావు కదరా!"

"చెయ్యి తమదే ప్రభూ. అందుకే తీర్పు తప్పలేదు."

అక్కడికక్కడే, ఆ కత్తి చేసిన ఓబులుకు మూడు వందల కత్తులు పురమాయించాడు రాజు. బయ్యన్న వేళ్లు మానేదాకా జీతంతో సెలవిచ్చాడు. ఆపైన లేచి, తుమ్మకర్ర కత్తిని నడుముకు దోపుకుని గుర్రం వైపు నడిచాడు.

"ప్రభూ, ఆ కత్తి నాది," అన్నాడు మాచన.

చండకేతు వెనక్కి తిరిగి, పగడాల మడత కత్తి తీసి అతని చేతిలో పెట్టాడు. "ఇదిగో, దానికి బదులు. ముప్పై వరహాల బహుమానం!"

మాచన దాన్ని భయంభయంగా రెండు వేళ్లతో పట్టుకున్నాడు.

"ప్రభూ, నేను గెలిచానా, ఓడానా?"

రాజు మళ్లీ నవ్వు మొదలుపెట్టాడు. నవ్వుతూనే చేతి కడియం తీసి మాచన చేతికి తొడిగాడు. తుమ్మకర్ర కత్తి మాత్రం ఎంత అడిగినా తిరిగి ఇవ్వలేదు.